ఆసుపత్రి బిల్లు, ఆరోగ్య బీమా: ప్రతి ఇంటికీ తెలియవలసిన పాఠం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



పాఠశాలకు డెబ్బై అయిదేండ్లు నిండిన శుభవేళ ఆసుపత్రి మాట ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. మన భాషను గురించి, మన బడి చరిత్రను గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఎంతో చక్కగా చెప్పారు. ఈ విషయాన్ని మాత్రం నేనే కోరి ఎన్నుకొన్నాను. పిల్లలు బడి మానివేసినప్పుడు కారణం నమోదుచేసే పుస్తకం ప్రధానోపాధ్యాయిని బల్లమీదనే ఉంటుంది. బదిలీ పత్రం కోసం వచ్చిన తండ్రిని కూర్చోబెట్టి అడిగితే, ఇల్లు మారడం, ఉద్యోగం మారడం అనే కారణాల తరువాత తరచుగా వినిపించే మాట ఒకటే: "ఇంట్లో ఒకరికి జబ్బు చేసినదమ్మా, అప్పు అయినది." జబ్బును ఆపడం బడి చేతిలో లేదు. కాని జబ్బు తరువాత వచ్చే అప్పులో కొంత భాగం కాగితాలు చదవరానందువలన, అడగవలసినది అడగనందువలన వచ్చినది. ఆ భాగం తప్పక బడి పనియే.

మన తెలుగువారు ఈ నేలకు నిన్నమొన్న వచ్చినవారు కారు. విజయనగరం నాడు, మధుర నాయకరాజుల నాడు సైన్యంతో కొందరు, నాగలితో కొందరు, మగ్గంతో కొందరు వచ్చి కోయంబత్తూరు మధుర ప్రాంతాలలో నిలదొక్కుకొన్నారు. పరాయిచోట బ్రతుకు పెట్టుకొన్నవారికి కష్టకాలంలో ఒకరికొకరు తోడు. పెండ్లిలో చదివింపులు మనకు తెలిసినవే. మధుర వైపున దానినే 'మొయి' అంటారు. ఎవరు ఎంత చదివించినదీ నోటుపుస్తకంలో వ్రాసుకొంటారు. ఈనాడు మనం పదిమందికి పెట్టినది రేపు మన ఇంట అవసరం వచ్చినప్పుడు తిరిగి వస్తుంది. బీమాకు మూలసూత్రం ఇదే. వేయి కుటుంబాలు ఏటా కొంత సొమ్ము ఒకచోట వేస్తాయి. ఆ ఏడు వాటిలో కొన్ని కుటుంబాలకే పెద్ద జబ్బు వస్తుంది. ఆ సొమ్ము వారికి పోతుంది. చదివింపుల పుస్తకానికి, బీమాకు ఒక్కటే భేదం. అక్కడ మాట, మొగమాటం నడిపిస్తాయి. ఇక్కడ వ్రాసిన షరతు నడిపిస్తుంది. కనుక షరతు చదవనివానికి బీమా ఉన్నదన్న ధైర్యమే తప్ప బీమా వలన ప్రయోజనం ఉండదు.

మన ఊళ్ళకు బీమా కొత్తది కాదు. కోయంబత్తూరులో 1888లో మొదటి నూలుమిల్లు ఏర్పడినది. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తరువాత మిల్లులు వరుసగా లేచాయి. కార్మికుల రాజ్య బీమా చట్టం 1948లో వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఈ ఇ.ఎస్.ఐ. పథకం ప్రారంభమైనది. నేటి తమిళనాడులో దానిని మొట్టమొదట అమలుపరచిన ఊరు కోయంబత్తూరు, 1955లో. సింగానల్లూరు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి పేరు ఎరుగని మిల్లు కుటుంబం ఈ ఊరిలో ఉండదు. వైద్యదానంలోనూ మనవారు వెనుకబడలేదు. జి. కుప్పుస్వామి నాయుడు స్మారక వైద్యశాల 1952లో కోయంబత్తూరులో వెలసినది. మధురలో 1976లో డాక్టరు జి. వెంకటస్వామి గారు పదకొండు పడకలతో ప్రారంభించిన అరవింద కంటి ఆసుపత్రి నేడు ప్రపంచానికే పాఠం చెప్పుతున్నది. ఇవ్వగలిగినవారి రుసుముతో ఇవ్వలేనివారికి చూపునిచ్చే పద్ధతి అది.

అయితే దానధర్మాల మీదనే ఆధారపడే కాలం కాదిది. నేడు మనకు మూడు రకాల ఆధారాలు ఉన్నవి. మీ కుటుంబం దేనికి చెందినదో ఈ రాత్రే ఇంట్లో కూర్చుని తేల్చుకొనండి.

మొదటిది ఇ.ఎస్.ఐ. సాధారణంగా పదిమంది లేక అంతకుమించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. 2017 జనవరి నుండి వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. 2019 జులై నుండి కార్మికుని వాటా వేతనంలో నూటికి 0.75, యజమాని వాటా 3.25. వేతనంలో కోత పడుతున్నదని విసుగుకొనేవారు దాని ఫలమేమిటో గుర్తించాలి. భార్యాపిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం లభిస్తుంది. నిర్ణీత కాలం చందా కట్టిన కార్మికుడు జబ్బుపడి పనికి పోలేనప్పుడు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో నూటికి 70 వంతులు ఇస్తారు. బయట కొనే ఏ ఆసుపత్రి ఖర్చుల పాలసీలోనూ సాధారణంగా పోయిన కూలికి పరిహారం ఉండదు.

రెండవది ప్రభుత్వ బీమా. ఆంధ్రదేశంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. ఇక్కడ 2009లో కలైజ్ఞర్ పేరిట బీమా పథకం మొదలైనది. 2012 జనవరి నుండి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంగా నడుస్తున్నది. 2018 నుండి కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకంతో కలిసినది. కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయలకు లోబడినవారికి, ఏడాదికి కుటుంబమంతటికీ 5 లక్షల వరకు, పథకంలో చేరిన ఆసుపత్రులలో, పట్టికలో చేరిన చికిత్సలకు ఇది వర్తిస్తుంది. రేషను కార్డు, ఆధారు, గ్రామ పరిపాలనాధికారి ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకొని జిల్లా కలెక్టరు కార్యాలయంలోని కేంద్రానికి పోవాలి. ఒక్క హెచ్చరిక. ఆసుపత్రిలో చేరిన తరువాత కార్డు కోసం పరుగెత్తడం ఇల్లు అంటుకొన్నాక బావి త్రవ్వడమే.

మూడవది మనం సొమ్ము కట్టి కొనే పాలసీ. సాధారణ బీమా సంస్థల జాతీయకరణ చట్టం 1972లో వచ్చినది. ఆ ప్రభుత్వరంగ సంస్థలు 1986లో 'మెడిక్లెయిమ్' అనే పేరుతో ఆసుపత్రి ఖర్చుల పాలసీని ప్రవేశపెట్టాయి. 1999 చట్టం తరువాత ప్రైవేటు సంస్థలు కూడ వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు, కుటుంబాలు కొనే ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జి.ఎస్.టి. తొలగించారు. లేతు వర్కుషాపులలో, చిన్న దుకాణాలలో పనిచేసేవారికి ఇ.ఎస్.ఐ. వర్తించకపోవచ్చును. ఆదాయ పరిమితి దాటినందువలన ప్రభుత్వ బీమా కూడ అందకపోవచ్చును. మన పిల్లల తల్లిదండ్రులలో ఈ మధ్యస్థులే ఎక్కువ. వారికి ఈ మూడవదే గతి.

ఇక పాలసీలోని మాటలు. ఇంగ్లీషులో ఉన్నవి గనుక భయపడనక్కరలేదు. ఏడెనిమిది మాటలు తెలిస్తే చాలును.

ఏడాదిలో సంస్థ ఇవ్వగల గరిష్ఠ మొత్తం 'సమ్ ఇన్స్యూర్డ్'. మనం కట్టేది 'ప్రీమియం'. పాలసీ తీసుకొన్న మొదటి 30 రోజులలో ప్రమాదాలకు తప్ప సాధారణంగా సొమ్ము రాదు. హెర్నియా, కంటిపొర, పిత్తాశయపు రాళ్ళు వంటి కొన్ని జబ్బులకు పాలసీలో వ్రాసిన కాలం, సాధారణంగా రెండేండ్లు, ఆగవలసి ఉంటుంది. ఇదే 'వెయిటింగ్ పీరియడ్', నిరీక్షణ కాలం. పాలసీకి ముందే ఉన్న జబ్బును 'ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్' అంటారు. చక్కెర జబ్బు, రక్తపు పోటు అటువంటివి. 2024 ఏప్రిల్ నుండి దీని నిరీక్షణ మూడేండ్లకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించినది. అంతకుముందు నాలుగేండ్ల వరకు ఉండేది. బిల్లులో ఇంత శాతం మీరే కట్టాలన్న షరతు 'కో పే'. ఆసుపత్రిలో చేరడానికి ముందు కొన్ని దినాలు, తరువాత కొన్ని దినాలు అయిన మందుల, పరీక్షల ఖర్చు కూడ చాలా పాలసీలలో ఇస్తారు. ముందు 30, తరువాత 60 దినాలు సాధారణం. ఆ రశీదులు పారవేసుకొనేవారే మనలో అధికం.

ఏజెంటు ముందు కూర్చుని ప్రతిపాదన పత్రం నింపేటప్పుడు "చక్కెర ఉన్నదని వ్రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని ఎవరైన సలహా ఇస్తే వినకండి. జబ్బు దాచిపెట్టి తీసుకొన్న పాలసీ అవసరం వచ్చిన నాడు చేతికి అందదు. ఉన్నది ఉన్నట్లు వ్రాసి మూడేండ్లు ఓర్చుకొన్నవాని పాలసీ గట్టిది. వరుసగా అయిదేండ్లు పాలసీ నడచిన తరువాత, మోసం నిరూపించితే తప్ప, దాచారన్న కారణంతో సంస్థ నిరాకరించరాదన్న నియమం కూడ ఉన్నది. పాలసీ చేతికి వచ్చిన 30 రోజులలో చదివి, నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చును. ఈ 30 రోజులు ఇచ్చినది చదవడానికే.

ఇప్పుడు బిల్లు. ఆసుపత్రి బిల్లులో అయిదు భాగాలుంటాయి: గది అద్దె, వైద్యుల రుసుము, శస్త్రచికిత్స గది ఖర్చు, మందులూ పరీక్షలూ, ఇతర వస్తువులు. చివరి భాగంలోని చేతితొడుగులు, ముఖపు తొడుగులు, నమోదు రుసుము, అతిథి భోజనం వంటివానికి చాలా పాలసీలలో సొమ్ము ఇవ్వరు.

అయితే మన కుటుంబాలను హఠాత్తుగా దెబ్బతీసేది గది అద్దె షరతు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఈ లెక్కను నల్లబల్ల మీద చేసి చూపగలరు. పాలసీ మొత్తం 3 లక్షలు. గది అద్దె రోజుకు అందులో నూటికి ఒకటి, అనగా 3,000 రూపాయలు మించరాదని షరతు. బంధువులు వచ్చిపోతారని, గౌరవంగా ఉంటుందని రోజుకు 6,000 రూపాయల గది తీసుకొన్నాము. అయిదు రోజులు. గది అద్దె 30,000. వైద్యుల రుసుము, శస్త్రచికిత్స గది మొదలైనవి 1,00,000. మందులు, పరీక్షలు 40,000. ఇతర వస్తువులు 5,000. మొత్తం 1,75,000. పాలసీ మొత్తం 3 లక్షలు గదా, అంతయూ వస్తుందని మనం నిశ్చింతగా ఉంటాము.

వచ్చేది చూడండి. గదికి 15,000 మాత్రమే ఇస్తారు. గది అర్హతకు రెండింతలు గనుక, గదినిబట్టి మారే వైద్యుల రుసుము మొదలైనవానిలో కూడ సగమే ఇస్తారు, అనగా 50,000. మందులకు, పరీక్షలకు ఈ కోత ఉండరాదు గనుక 40,000 పూర్తిగా వస్తాయి. ఇతర వస్తువులకు ఏమీ రాదు. మొత్తం 1,05,000. మిగిలిన 70,000 మన చేతినుండి పోతుంది. అదే 3,000 రూపాయల గదిలో ఉండి ఉంటే మన చేతినుండి పడేది ఆ 5,000 మాత్రమే. గదిలో తేడా రోజుకు 3,000, అయిదు రోజులకు 15,000. నష్టం మాత్రం 65,000 ఎక్కువ. గదినిబట్టి రుసుములు మారని ఆసుపత్రులలో ఈ దామాషా కోత విధించరాదు. గది అద్దె షరతే లేని పాలసీలు కూడ ఉన్నవి. మీది ఏ రకమో తెలుసుకొని, చేరేనాడు కౌంటరులో "మా పాలసీకి ఎంత గది వర్తిస్తుంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఒక బిడ్డ రెండేండ్ల చదువు ఖర్చుకు సమానం కావచ్చును.

క్లెయిమ్ అనగా సొమ్ము కోరడం. దానికి రెండు దారులు. మొదటిది నగదురహిత పద్ధతి, క్యాష్‌లెస్. బీమా సంస్థతోగాని, దాని తరఫున పనిచేసే టి.పి.ఏ. అనే మధ్యవర్తి సంస్థతోగాని ఆసుపత్రియే మాట్లాడుకొంటుంది. ముందుగా నిర్ణయించుకొన్న శస్త్రచికిత్స అయితే కనీసం రెండు రోజుల ముందు తెలియజేయాలి. అత్యవసరమైతే చేరిన 24 గంటలలో తెలియజేయడం క్షేమం. ఆసుపత్రి అనుమతి కోసం పత్రం పంపుతుంది. 2024 మే 29 నాటి ఉత్తర్వు ప్రకారం సంస్థ ఒక గంటలో జవాబు ఇవ్వాలి. ఇంటికి పంపేనాడు తుది అనుమతి మూడు గంటలలో ఇవ్వాలి. ఆ ఆలస్యం వలన ఆసుపత్రి అదనంగా వసూలుచేసే సొమ్మును సంస్థయే భరించాలి. మొదట ఇచ్చే అనుమతి పూర్తి మొత్తానికి కాకపోవచ్చును. అది తొలి మెట్టు మాత్రమే.

రెండవ దారి, మనమే కట్టి తరువాత తిరిగి కోరడం. దీనిలో కాగితమే ప్రాణం. క్లెయిమ్ ఫారం మొదటి భాగం మనం నింపాలి, రెండవ భాగం ఆసుపత్రి నింపాలి. డిశ్చార్జి సమ్మరీ, వివరాలతో కూడిన తుది బిల్లు, కట్టినట్లు రశీదులు, ప్రతి మందుల బిల్లుకు వైద్యుని చీటీ, ప్రతి పరీక్షకు ఫలితపత్రం, కంటిలో కటకంగాని, గుండెలో స్టెంటుగాని అమర్చితే దాని పెట్టెమీది చీటీ, రోడ్డు ప్రమాదమైతే పోలీసు నమోదు పత్రం, బ్యాంకు వివరాలు. వీనిని పాలసీలో చెప్పిన గడువులోగా పంపాలి. అసలు పత్రాలు పంపేముందు ప్రతి కాగితానికీ నకలు తీసి పెట్టుకొనాలి.

ఈ కాగితాలలో రాజు డిశ్చార్జి సమ్మరీ. బీమా సంస్థలోని పరిశీలకుడు రోగిని చూడడు, ఆ కాగితాన్నే చూస్తాడు. దీనికి మన పేటలో జరిగిన ఒక సంగతి చెప్పుతాను. పేర్లు చెప్పను, అవసరం లేదు.

మన విద్యార్థిని ఒకతె తండ్రి లేతు వర్కుషాపులో పనివాడు. అక్కడ ఉన్నది నలుగురే గనుక ఇ.ఎస్.ఐ. లేదు. కష్టపడి ఒక పాలసీ తీసుకొన్నాడు. ఒక రాత్రి కడుపునొప్పితో ఆసుపత్రికి తీసుకొనిపోయారు. అపెండిక్స్ అని శస్త్రచికిత్స చేశారు. బిల్లు 82,000. తల్లి మెడలోని గొలుసు కుదువపెట్టి కట్టారు. నెల తరువాత సంస్థ నుండి నిరాకరణ లేఖ వచ్చినది. రోగికి ఈ నొప్పి రెండేండ్లుగా ఉన్నదని, పాలసీకి ముందునాటి జబ్బని అందులోని కారణం. ఆ తల్లి లేఖ పట్టుకొని నా గదికి వచ్చినది. "టీచరమ్మా, ఇందులో ఏమున్నదో చెప్పండి. పాపను మిల్లు పనికి పంపుదామనుకొంటున్నాము" అన్నది. పాప అప్పుడు తొమ్మిదవ తరగతి.

"ఎన్నాళ్ళుగా నొప్పి అమ్మా?" అని అడిగాను. "రెండు దినాలే" అన్నది. ఆసుపత్రి కాగితంలో మాత్రం రెండు సంవత్సరాలు అని ఉన్నది. ఇంట్లో తెలుగు, కౌంటరులో తమిళం, కాగితంమీద ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ ఎక్కడో దినాలు సంవత్సరాలైనవి. చదివి సంతకం చేసేవారెవరూ దానిని గమనించలేదు.

అదృష్టవశాత్తు ఆమె ఇంట్లో ఒక రేకు పెట్టెలో కాగితాలన్నీ దాచే అలవాటున్నది. శస్త్రచికిత్సకు ముందునాడు వీధిచివర వైద్యుడు వ్రాసిన చీటీ దొరికినది. తేదీ ఉన్నది, నిన్నటినుండి నొప్పి అని ఉన్నది. దానిని చూపి శస్త్రచికిత్స చేసిన వైద్యునివద్ద సవరణ లేఖ తీసుకొన్నారు. బీమా సంస్థలోని ఫిర్యాదుల అధికారికి లేఖను ఆ పిల్లయే ఇంగ్లీషులో వ్రాసినది. మా ఇంగ్లీషు ఉపాధ్యాయిని తప్పులు మాత్రం దిద్దినది. కొన్ని వారాలలో ఇతర వస్తువుల కోత పోను మిగిలిన సొమ్ము వచ్చినది. గొలుసు ఇంటికి వచ్చినది. అంతకన్న ముఖ్యం, పాప మిల్లుకు పోలేదు. ఈ సంవత్సరం పదవ తరగతి పరీక్ష వ్రాయనున్నది.

కనుక ఇంటికి బయలుదేరేముందు డిశ్చార్జి సమ్మరీని ఇంట్లో చదువుకొన్న బిడ్డచేత చదివించండి. పేరు, వయస్సు, చేరిన తేదీ, జబ్బు ఎన్నాళ్ళనుండి, పాత జబ్బులు, చేసిన చికిత్స. ఈ ఆరు సరిచూడండి. తప్పుంటే అక్కడనే వినయంగా అడిగి దిద్దించుకొనండి. వైద్యులు కోపగించరు. నిజాన్ని నిజంగా వ్రాయమని అడగడం మన హక్కు. లేనిదానిని వ్రాయమని అడగడం మాత్రం తప్పు. ఆ తప్పు రేపు మన క్లెయిమునే కాదు, మన పేరునే చెరుపుతుంది.

పేరు అన్నాను గనుక, మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెప్పాలి. ఇక్కడి ఆచారం ప్రకారం తండ్రిపేరు మొదటి అక్షరం ముందు పెట్టుకొంటాము. ఆంధ్రదేశపు బంధువులు ఇంటిపేరు పెట్టుకొంటారు. అటునుండి కోడలు వస్తే ఆమె పత్రాలలో ఇంటిపేరు, ఇక్కడి రేషను కార్డులో భర్తపేరు అక్షరం. ఒక కాగితంలో 'నాయుడు' ఉంటుంది, మరొక దానిలో ఉండదు. ఒకచోట 'స్వామి', ఒకచోట 'సామి'. ఇల్లాలికి ఇవన్నీ ఒకే మనిషి. కంప్యూటరుకు నలుగురు మనుష్యులు. ఆధారు, బ్యాంకు పుస్తకం, పాలసీ, ఆసుపత్రి నమోదు, ఈ నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకే తీరున ఉండేటట్లు చూసుకొనండి. పిల్లల పేర్లలో తేడా ఉంటే పదవ తరగతి నామావళి పంపేలోగా మా కార్యాలయానికి రండి. ధ్రువపత్రం వెలువడిన తరువాత సవరణ ఎంతో కష్టం.

సంస్థ నిరాకరించినంతమాత్రాన కథ ముగియదు. మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. నియంత్రణ సంస్థకు 155255 అనే నంబరు ద్వారాగాని, 'బీమా భరోసా' ద్వారాగాని ఫిర్యాదు చేయవచ్చును. నెల గడచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం చెన్నైలో ఉన్నది. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. సంస్థకూడ తన సమీక్షాసంఘం అనుమతి లేకుండ క్లెయిమును నిరాకరించరాదని, నిరాకరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో వ్రాసి తెలుపాలని నియమమున్నది. "ఏ షరతు?" అని అడగడం నేర్చుకొనండి.

ఇక్కడ మన పూర్వవిద్యార్థులతో ఒక మాట. కోయంబత్తూరులోను, చెన్నైలోను అమెరికా ఆసుపత్రుల బిల్లులు సిద్ధపరచే కార్యాలయాలలో మీలో కొందరు పనిచేస్తున్నారు. వైద్యుని వ్రాతను చదివి జబ్బుకు ఒక సంకేతం, చికిత్సకు ఒక సంకేతం వేయడం మీ వృత్తి. జబ్బుల సంకేతాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐ.సి.డి. పట్టిక ననుసరించినవి. దాని పదవ కూర్పును అమెరికా 2015 అక్టోబరు 1 నుండి బిల్లులలో తప్పనిసరి చేసినది. తీవ్రమైన అపెండిక్స్ వాపునకు 'కె 35', రెండవ రకం చక్కెర జబ్బునకు 'ఇ 11'. చికిత్సలకు 1966లో అమెరికా వైద్యసంఘం మొదలుపెట్టిన సి.పి.టి. సంకేతాలు వాడుతారు. ఒక్క అక్షరం తప్పితే అక్కడి క్లెయిము తిరిగి వస్తుందని మీకు తెలుసు. రాత్రులు మేలుకొని దూరదేశపు రోగుల కాగితాలు సరిచేసే మీరు, నెలకొక ఆదివారం ఉదయం ఈ బడి వరండాలో కూర్చుని మన పేటవారి కాగితాలు చూడరాదా? బడికి మీరు ఇవ్వగల జూబిలీ కానుక దీనికంటె మరొకటి లేదు.

ఉపాధ్యాయులకు కూడ మనవి. శాతాలు, దామాషా పాఠాలకు ఆసుపత్రి బిల్లు మంచి లెక్క. ఇంగ్లీషు లేఖారచనకు ఫిర్యాదు లేఖ మంచి అభ్యాసం. తెలుగులో ఆలోచించి, తమిళంలో మాట్లాడి, ఇంగ్లీషులో వ్రాయగల పిల్లవాడు తన ఇంటికి గొప్ప అండ. తెలుగు బడిలో చదివితే ఏమి వస్తుందని అడిగేవారికి నా సమాధానం అదే.

తల్లిదండ్రులారా, ప్రతి ఇంట ఒక గుడ్డసంచి కుట్టండి. అందులో పాలసీ, కార్డులు, మందుచీటీలు, పరీక్షాఫలితాలు, రశీదులు తేదీల వరుసలో పెట్టండి. ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. ఆ సంచి తెరవవలసిన అవసరం ఏ ఇంటికీ రాకూడదని ప్రార్థిస్తున్నాను. వచ్చిననాడు మాత్రం, ఆసుపత్రి బిల్లు కారణంగా ఏ బిడ్డ పేరూ నా బల్లమీది పుస్తకంలో చేరకూడదని కోరుకొంటున్నాను.